మినారూ చెరువుగట్టూ

2009 నవంబరు 29న స్విట్జర్లాండు ప్రజలు ఓట్లేసి తమ దేశంలో ఇక మీదట మినార్లు కట్టగూడదని తీర్మానించారు. ఓటేసినవాళ్ళలో 57.5 శాతం మంది నిషేధం కావాలన్నారు. ఆ మాట ఏకంగా వాళ్ళ రాజ్యాంగంలోకి ఎక్కింది. అప్పటికి ఆ దేశం మొత్తంలో ఉన్న మినార్లు ఎన్నో తెలుసా? నాలుగు. జెనీవాలో ఒకటి, జూరిక్‌లో ఒకటి, వింటర్‌టూర్‌లో ఒకటి, వాంగెన్ అనే చిన్న ఊళ్ళో ఒకటి. ఆ నాలుగింటి మీద నుంచి అజాన్ కూడా ఇవ్వరు. నాలుగు మూగ మినార్లకు ఒక దేశం దేశమంతా ఉలిక్కిపడింది.

పెన్న ఒడ్డున కూర్చున్న మాకు ఆ గొడవ ఎందుకని అడగొచ్చు. అక్కడ అడిగిన ప్రశ్న మమ్మల్ని ఇక్కడ రోజూ అడుగుతున్నదే కాబట్టి. "మీరు మాలో కలుస్తారా, కలవరా?" యూరప్‌లో ఆ ప్రశ్నను మినారు మీద పెట్టి అడిగారు. మా దగ్గర టోపీ మీద, గడ్డం మీద, బురఖా మీద, క్రికెట్ స్కోరు మీద పెట్టి అడుగుతారు. నెల్లూరు తీరంలో మా పూర్వీకులు కట్టుకున్న మసీదుల్నీ దర్గాల్నీ ఆ ప్రశ్నకు ఎదురుగా నిలబెట్టి చూడాలని మా ఉద్దేశం. కట్టడాలు అబద్ధం చెప్పవని మేమనం. చెప్తాయి. కాకపోతే మనుషులకన్నా నిదానంగా చెప్తాయి, అందుకని పట్టుకోవడం తేలిక.

ముందు మినారు సంగతి తేల్చుకుందాం. మసీదుకు మినారు తప్పనిసరి కాదు. ఇది మావాళ్ళల్లోనే చాలామందికి తెలియదు. మదీనాలో ప్రవక్త కట్టిన మసీదు మట్టి ఇటుకల గోడలు, ఖర్జూరపు దుంగల స్తంభాలు, ఖర్జూర మట్టల కప్పు. దానికి మినారు లేదు. హజరత్ బిలాల్ ఎత్తయిన మిద్దె ఎక్కి అజాన్ పలికేవాడు. మినార్లు ఆ తరవాత, ఉమయ్యద్‌ల కాలంలో వచ్చాయి. డమాస్కస్ పెద్ద మసీదున్న స్థలంలో అంతకుముందు చర్చి ఉండేది, దానికన్నా ముందు రోమన్ల జూపిటర్ గుడి. ఆ పాత ఆవరణ మూలల్లో నిలబడ్డ బురుజుల్నే మినార్లుగా వాడుకున్నారు. అంటే మినారు కూడా ఇరుగుపొరుగు నుంచి వచ్చిందే. మాట చూడండి, అరబ్బీలో 'మనార' అంటే వెలుగు ఉండే చోటు, దీపస్తంభం. నమాజుకన్నా ఓడలకు దగ్గరి మాట అది. మద్రాసు హైకోర్టు శిఖరం మీద 1894 నుంచి 1977 దాకా సముద్రం మీది ఓడలకు దీపం వెలిగింది. ఆ భవనానికి గుమ్మటాలూ మినార్లూ పెట్టించింది ఏ నవాబో కాదు, ఇంగ్లీషువాళ్ళే.

మన దక్షిణాది తీరంలో సముద్రం మీద వచ్చిన ఇస్లాం ఎక్కడా మినారు కోసం పట్టుబట్టలేదు. మలబారులో పాత మసీదులు చూడండి. కోళిక్కోడ్‌లోని మిస్కాల్ పళ్ళి అంతస్తులంతస్తులుగా పెంకుటికప్పుతో, కొయ్యపనితో, దూరం నుంచి కేరళ గుడిలాగే ఉంటుంది. 1510లో పోర్చుగీసువాళ్ళు దాన్ని తగలబెడితే మళ్ళీ కట్టుకున్నారు. తమిళతీరంలో కీళక్కరై, కాయల్‌పట్నం మసీదులు రాతిస్తంభాల మంటపాలు. ఆ స్తంభాల తలల మీద ఉన్నవి గుడి శిల్పులు చెక్కిన పద్మాల వంటి పనితనమే, బొమ్మలు మాత్రం ఉండవు. అదే ఉలి, అదే చెయ్యి. మా నెల్లూరు తీరపు దక్షిణం కొసన పులికాట్ సరస్సు అవతలి ఒడ్డున తమిళ ముస్లిం వర్తకుల ఊరుంది. 1613లో డచ్చివాళ్ళు కోట కట్టింది ఆ ఊళ్ళోనే. ఆ వర్తకులకు వ్యాపారం ముఖ్యం, వ్యాపారానికి నమ్మకం ముఖ్యం. అంతకన్నా చాలా ముందు, 1244లో, ఉత్తరాన మోటుపల్లి రేవులో గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్ని రాజులు లాక్కునే పాత అలవాటు ఇక ఉండదని, దేశాంతర వర్తకులకు భయం లేదని ఆ రాయి మాట ఇచ్చింది. వచ్చినవాడి దేవుడెవరని ఆ శాసనం అడగలేదు, సుంకమెంతో చెప్పింది.

యూరపువాళ్ళకు మినారంటే మొదట్నుంచీ భయమా అంటే అదీ కాదు. ముస్లింలు లేని మినారంటే వాళ్ళకు మహాయిష్టం. ఇంగ్లండులో బ్రైటన్ పట్నంలో రాజుగారి విలాసమందిరం 1815 తరవాత గుమ్మటాలతో, మినార్లతో లేచింది. నమాజు కోసం కాదు, విందుల కోసం. జర్మనీలో ష్వెట్సింగెన్ రాజోద్యానంలో పద్దెనిమిదో శతాబ్దంలోనే రెండు మినార్ల మసీదు కట్టారు, తోటకు అలంకారంగా. డ్రెస్డెన్‌లో 1909లో ఒక సిగరెట్ల ఫ్యాక్టరీని మసీదు ఆకారంలో కట్టి, పొగగొట్టాన్ని మినారులాగా తయారుచేశారు. ఊళ్ళో మినారు నుంచి పొగ వస్తే ఎవరికీ అభ్యంతరం లేదన్నమాట. ఒక మనిషి గొంతు వస్తుందేమోనన్న అనుమానానికే నూరేళ్ళ తరవాత పక్కదేశంలో రాజ్యాంగం మార్చుకున్నారు.

అయితే యూరపంతా ఒక్కటేనని చెప్పడం మా ఉద్దేశం కాదు. 1889లో ఇంగ్లండులోని వోకింగ్‌లో మసీదు కట్టారు, భోపాల్ బేగం షాజహాన్ డబ్బుతో. ఆకుపచ్చ గుమ్మటంతో అది ఇప్పటికీ ఉంది, అక్కడి సర్కారు దాన్ని తమ వారసత్వ కట్టడంగా కాపాడుకుంటున్నది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు కోసం చచ్చిపోయిన ముస్లిం సిపాయిల జ్ఞాపకంగా 1926లో పారిస్‌లో పెద్ద మసీదు తెరిచారు. కలోన్‌లో ఏళ్ళ తరబడి ఊరేగింపులూ ఎదురు ఊరేగింపులూ జరిగాక, పాల్ బోమ్ అనే చర్చిలు కట్టే కుటుంబపు శిల్పి గీసిన మసీదు లేచింది. లండన్ బ్రిక్‌లేన్‌లో ఒకే కట్టడం 1743లో ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ల చర్చి, తరవాత మెథడిస్టుల ప్రార్థనాలయం, 1898 నుంచి యూదుల సినగాగ్, 1976 నుంచి మసీదు. ఎవరు కొత్తగా బీదగా ఆ పేటలో దిగితే వాళ్ళ దేవుడు అందులో దిగాడు. గోడలు ఏమీ అనలేదు.

తెలుగువాళ్ళం ఈ విషయంలో దూరపు ప్రేక్షకులం కాము. 1970లలో అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్ గుట్ట మీద వెంకటేశ్వరస్వామి గుడి లేచింది, తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో. మంచుపడే గుట్ట మీద తెల్లటి గోపురం. ఇప్పుడు అమెరికాలో తెలుగువాళ్ళున్న ఊరల్లా గోపురం ఉంది. మంచిదే. అక్కడ కొత్త గుడికైనా కొత్త మసీదుకైనా మునిసిపాలిటీ విచారణలో వినిపించే అభ్యంతరాలు తరచూ ఒకటే: ఎత్తు, ట్రాఫిక్, కార్లు నిలిపే జాగా. కారు పేరు చెప్పి దేవుణ్ణి ఆపడం వాళ్ళ నాగరికత. అక్కడ గోపురం ఎత్తు కోసం లాయర్లను పెట్టుకున్న మనిషి, సెలవులకు సొంతూరు వచ్చినప్పుడు వీధిచివర మసీదు మినారు వైపు ఏ చూపు చూస్తాడో, ఆ చూపు గురించి కూడా ఎవరైనా వ్యాసం రాస్తే బాగుంటుంది.

ఇక నెల్లూరికి వద్దాం.

ఉదయగిరితో మొదలుపెట్టకపోతే మేం చరిత్ర దాచినట్టవుతుంది. ఆ కొండకోటను 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గజపతుల దగ్గర తీసుకున్నాడు. అక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి పట్టుకుపోయి గుడి కట్టించాడు. ఓడినవాడి దేవుణ్ణి గెలిచినవాడు తీసుకుపోవడం ఆనాటి రాజనీతి. 1640లలో అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో గోల్కొండ సేన ఉదయగిరికి వచ్చింది. అప్పుడు అక్కడ గుడికి కీడు జరిగింది. రిచర్డ్ ఈటన్ అనే చరిత్రకారుడు శాసనాలు వెతికి తయారుచేసిన దేవాలయ విధ్వంసాల పట్టికలో ఉదయగిరి పేరుంది. కొండమీది మసీదులు గెలిచినవాళ్ళ మసీదులు. ఎవరో మా మీద పడి అడిగేదాకా ఆగకుండా మేమే ఈ మాట అంటాం. అంటూ ఇంకో మాట కూడా అంటాం. ఆ మసీదుల్లో ఇప్పుడు నమాజుకు నిలబడే జనం ఏరీ? కొండెక్కేవాళ్ళు గైడు చెప్పేది విని, ఫొటో తీసుకుని దిగిపోతారు. గెలుపు కోసం కట్టింది గెలుపుతోనే అయిపోయింది. జనం వెళ్ళింది వేరేచోటికి.

అదే కోటకు కొంచెం దూరంలో ఏ.ఎస్.పేట ఉంది. అనుమసముద్రంపేట. ఉర్దూలో మావాళ్ళు రహమతాబాద్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దపు సూఫీ హజరత్ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ సమాధి అక్కడ. మతిచలించినవాళ్ళను తీసుకొచ్చి ఆ దర్గాలో ఉంచుతారు. రాజ్యాల రికార్డుల్లో ఉదయగిరి పేరు పెద్దది, మా ఇళ్ళల్లో ఏ.ఎస్.పేట పేరు పెద్దది. బిడ్డకు నెమ్మది లేకపోతే కాపుల ఇంట్లోనూ "ఒకసారి ఏ.ఎస్.పేట పోయిరాండమ్మా" అంటారు. అక్కడ జరిగేది వైద్యమా, మూఢనమ్మకమా అని చర్చ ఉంది. మానసిక వైద్యులు చెప్పేది వినాల్సిందే, గొలుసులు ఎక్కడున్నా తప్పే. కానీ ఆ దర్గా గడపలోకి ఎవరు వచ్చారన్నది చరిత్రకు సంబంధించిన విషయం. అందరూ వచ్చారు.

వెంకటాచలం దగ్గర కసుమూరు మస్తాన్‌వలీ దర్గా సంగతీ అంతే. ఆ దర్గా ఎంత వ్యాపించిందో తెలియాలంటే కట్టడం చూడనక్కర్లేదు, ఓటర్ల జాబితా చూడండి. మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రెడ్డి, మస్తాన్‌రావు, మస్తాన్‌నాయుడు. నెల్లూరు నుంచి ఒంగోలు, గుంటూరు దాకా ఈ పేర్లు హిందువుల ఇళ్ళల్లో ఎన్నో. బిడ్డ నిలిస్తే నీ పేరు పెడతానని మొక్కుకున్నవాళ్ళు పెట్టిన పేర్లవి. పెంచలకోన మొక్కుకు పెంచలయ్య ఎట్లాగో, కసుమూరు మొక్కుకు మస్తానయ్య అట్లాగ. ప్రపంచంలో ఏ ఇంటిగ్రేషన్ కమిటీ అయినా ఇంతపని చేసిందేమో మాకు చూపించండి. ఒక మతంవాళ్ళ బిడ్డకు ఇంకో మతం పేరు, అదీ ఎవరూ బలవంతపెట్టకుండా, బారసాలలో, చెవిలో!

పులికాట్ సరస్సు మధ్య వేనాడు దీవిలో దర్గా ఉంది. నీళ్ళెండిన కాలంలో సరస్సు అడుగు తెల్లగా పగిలి కనిపిస్తుంది, నీళ్ళున్న కాలంలో ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి. గంధం నాడు ఆ దీవికి పడవల మీద, బండ్ల మీద జనం పోతారు. గంధం అంటున్నాం, చూశారా? ఉర్దూలో 'సందల్'. తెలుగులో గంధం, గంధోత్సవం. సమాధికి చందనం పూయడం అరబ్బుదేశంలో ఎవరికి తెలుసు? ఇది ఈ మట్టి అలవాటు. కొబ్బరికాయ కొట్టడం, చక్కెర చదివింపు, నిమ్మకాయ, నెమలీకల కట్టతో తలమీద తట్టడం, అన్నీ ఇక్కడివే. మా ముజావర్లు తెలుగులో దీవిస్తారు, ఉర్దూలో తిడతారు, అరబ్బీలో ఫాతెహా చదువుతారు.

ఇంత చెప్పి నెల్లూరు పట్నంలోని బారాషహీద్ దర్గా దగ్గర ఆగకపోతే ఎట్లా? 'బారా' అంటే పన్నెండు, 'షహీద్' అంటే ధర్మం కోసం ప్రాణమిచ్చినవాడు. స్వర్ణాల చెరువు గట్టున పన్నెండు సమాధులు. యుద్ధంలో తలలు ఒకచోట తెగిపడితే గుర్రాలు మొండేలను ఇక్కడికి మోసుకొచ్చాయని జనం చెప్పే కథ. చెరువులో బట్టలుతికే చాకలి దంపతులకు ఆ అమరులు కలలో కనిపించి, ఆర్కాటు నవాబు బేగం జబ్బుకు మా సమాధి మట్టి మందని చెప్పారని, అది నిజమయ్యాక నవాబు ఇక్కడికి వచ్చి రొట్టెలు పంచాడని మరో కథ. చరిత్రగా వీటికి ఎంత బలముందో మేం తూకం వెయ్యం. నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండిందన్నది మాత్రం చరిత్రే, 1801లో కుంపిణీ తీసుకునేదాకా. కథలో మాకు నచ్చేది వేరే ఉంది. వీరుల మాట మొదట విన్నది మౌల్వీ కాదు, నవాబు కాదు, చాకలి ఇల్లాలు.

మొహర్రం నెలలో అక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. చూడనివాళ్ళ కోసం చెప్తాం. చెరువు నీళ్ళల్లో మోకాలిబంటి దిగి ఆడవాళ్ళు నిలబడతారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె పట్టుకుని "చదువు రొట్టె, చదువు రొట్టె" అని కేకేస్తారు. కావాల్సినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి తీసుకుని తింటారు. సంవత్సరం తిరిగేలోగా కోరిక తీరితే, మరుసటి మొహర్రానికి వాళ్ళు అదే రొట్టె చేసి తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఇల్లు రొట్టె, కొన్నేళ్ళుగా వీసా రొట్టె. ఇచ్చేదెవరో పుచ్చుకునేదెవరో కులం తెలియదు, మతం తెలియదు. చూసే కళ్ళుంటే ఆ చెరువులో జరిగేది చిన్న విషయం కాదు. ఒకరి ఇంటి పొయ్యి మీది రొట్టె ఇంకొకరు తినరాదన్న దేశంలో, లక్షలమంది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చేతి రొట్టె కళ్ళకద్దుకుని తింటున్నారు. కర్బలా దుఃఖమాసంలో, ఎప్పటిదో యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళ పేరుమీద. ఫిఖా పుస్తకం ప్రకారం దీన్ని ఎక్కడ పెట్టాలో ఏ ఆలిమ్ తేల్చలేడు, శాస్త్రం ప్రకారం ఏ పండితుడూ తేల్చలేడు. రాష్ట్ర విభజన తరవాత సర్కారు దీన్ని రాష్ట్ర పండుగ చేసింది.

ఆ దర్గా ఉన్న పేట పేరు దర్గామిట్ట. ఆ దర్గామిట్టలోనే నెల్లూరి రాజరాజేశ్వరి అమ్మవారి గుడి. దసరా ఆహ్వానపత్రం మీద అమ్మవారి చిరునామా దర్గామిట్టే. మహమ్మద్ ఖదీర్‌బాబు తన నెల్లూరు జిల్లా కథల పుస్తకానికి 'దర్గామిట్ట కతలు' అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఆ మాటలో సగం ఫారసీ, సగం మా మెట్టభూమి.

ఇదంతా చదివి "చూశారా, మన దగ్గర ఎంత సామరస్యమో, యూరపువాళ్ళు మనల్ని చూసి నేర్చుకోవాలి" అని ఎవరైనా అంటే మాకు కొంచెం ఇబ్బంది. ఎందుకంటే ఆ మాట మేం చాలాసార్లు విన్నాం. రొట్టెల పండుగ రోజుల్లో పత్రికల్లో మాకు మొదటిపేజీ. మాలో ఒకరు ఆ పండుగ మీద ప్రత్యేక కథనం రాసి, అదే నెలలో ఇల్లు అద్దెకు వెతుక్కుంటూ పోతే, పేరు అడిగి, "మాంసం వండుతారు గదా, మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు ఇంటాయన. ఆయన భార్య ఆ సంవత్సరం సంతానం రొట్టె తీసుకుందట. ఆయనే చెప్పాడు, సంతోషంగా. చచ్చిపోయిన ముస్లిం సమాధిలో పడుకుని వరాలిస్తే అందరికీ ఆప్తుడే. బతికున్న ముస్లిం పక్కవాటాలో కాపురముంటానంటేనే చిక్కు. కట్టడం కలిసిపోయినంత తేలిగ్గా మనిషిని కలవనివ్వరు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు తెలుగు సాహిత్యలోకం ఉలిక్కిపడింది. ఏడాదిలోనే, 1992 డిసెంబరు 6న, బాబ్రీ మసీదు కూలింది. ఆ రోజు మొదలు మసీదు అనే మాటకు మా ఇళ్ళల్లో ఇంకో బరువు తోడయింది.

రెండోవైపు మాలో మాకున్న పేచీ కూడా చెప్పాలి. పాత ఊళ్ళల్లో మసీదంటే వేపచెట్టు, పెంకుటి వసారా, వజూకు చిన్న తొట్టి. పక్కిల్లు ఎట్లా ఉందో అట్లాగే ఉండేది. కువైట్, సౌదీ సంపాదన వచ్చాక వాటిచోట సిమెంటు గుమ్మటాలూ, ఒకదాన్ని మించి ఒకటి మినార్లూ లేచాయి. మదీనా గుమ్మటం నమూనాలో ఆకుపచ్చ రంగు. దీన్ని చూసి అవతలివాళ్ళు "అరబ్బులైపోతున్నారు" అంటారు. మేమట్లా అనం. ఎడారిలో ఏళ్ళకేళ్ళు వంటపనీ డ్రైవరు పనీ చేసి వచ్చినవాడికి తన ఊళ్ళో ఒక ఎత్తయిన గుర్తు కావాలనిపిస్తుంది. పాకవేసుకున్న రాముడి గుడికి అమెరికా డబ్బుతో గాలిగోపురం లేచిన ఊళ్ళు లేవా? బాధ ఎక్కడంటే, ఆ మినార్లతోపాటు దర్గాకు పోవడం షిర్క్ అనే మాట కూడా వచ్చింది. కసుమూరు పేరు పెట్టుకున్న మస్తాన్లు కొందరు ఇప్పుడు కసుమూరు పోరు. పీర్లచావిడి దగ్గర గుండం తొక్కే సాయిబులు తగ్గారు. పీర్లెత్తే ఊళ్ళల్లో చాలాచోట్ల ఇప్పుడు ఎత్తేది హిందువులే. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి పోయి చూడండి, ఎవరి పండుగో చెప్పండి చూద్దాం. కొత్త మౌల్వీ మమ్మల్ని శుద్ధిచేస్తాడు, కొత్త స్వామీజీ వాళ్ళను శుద్ధిచేస్తాడు. ఇద్దరూ శుభ్రం చేసేసరికి చెరువులో ఎవరు మిగులుతారో!

ఇప్పుడు ఇంకో శుద్ధి కాగితాల మీద జరుగుతున్నది. మసీదులకూ దర్గాలకూ ఉన్న ఇనాంభూములకు 1858లో ఏర్పడ్డ మద్రాసు ఇనాం కమిషన్ పట్టాలిచ్చింది. ఆ రోజుల ఇనాం రిజిస్టర్లే ఇప్పటికీ కోర్టుల్లో మా పెద్ద సాక్ష్యం. ఆ రిజిస్టరులో ఎక్కని దర్గాలకు జనం వాడుకే ఆధారం. ఎన్నో తరాలుగా వాడుతున్నారు కాబట్టి వక్ఫ్ అన్న సూత్రం ఉండేది. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఇక మీదట ఆ దారి మూసింది. అంతకుముందే రిజిస్టరయి, వివాదం లేకుండా, సర్కారు భూమి కాకుండా ఉంటే కొనసాగుతాయంది. వివరాలన్నీ ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించమని 2025 జూన్ నుంచి ఆరునెలల గడువు పెట్టారు. ముతవల్లీలు మూటలు విప్పి ఫారసీ కాగితాలు చదివేవాళ్ళ కోసం తిరిగారు. మాబోటి ఉర్దూ వచ్చినవాళ్ళకు ఆ నెలల్లో గిరాకీ పెరిగింది. చెదలు తిన్న సనదుల్ని దీపం ముందు పట్టుకుని చదివిపెట్టాం.

1995 వక్ఫ్ చట్టంలో 104వ సెక్షన్ అని ఒకటుండేది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మసీదుకూ ఈద్గాకూ దర్గాకూ ఖబరస్తాన్‌కూ ముస్లిం కానివాళ్ళు ఆస్తి ఇచ్చినా అది వక్ఫ్‌గా చెల్లుతుందని దాని తాత్పర్యం. మొక్కు తీరి దర్గాకు అరెకరం రాసిచ్చిన రెడ్డిగారికీ, సమాధికి నూనె ఖర్చుకని కొబ్బరిచెట్లు ఇచ్చిన ఇల్లాలికీ చట్టంలో చోటిచ్చిన సెక్షన్ అది. 2025 సవరణలో దాన్ని తొలగించారు. వక్ఫ్ ఇచ్చేవాడు అయిదేళ్ళుగా ఇస్లాం పాటిస్తున్నట్టు చూపించాలన్న షరతు కూడా పెట్టారు. ఆ షరతును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో నిలుపుచేసింది. 104వ సెక్షన్ మాత్రం చట్టంలో ఇప్పుడు లేదు.